గేమింగ్ హెడ్‌ఫోన్స్‌కి వైరా, వైర్‌లెస్సా: ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది

టీమ్‌లో మీరొక్కరే మిగిలారు. గది మూలన నక్కి కూర్చున్నారు. రెండు తలుపులున్నాయి, ఎదుటివాడు ఏ తలుపు లోంచి వస్తాడో తెలీదు. అంతలో చెక్క నేల మీద ఒక అడుగు చప్పుడు. ఒకే ఒక్కటి. ఎడమవైపు నుంచే వచ్చింది, కానీ పక్కనుంచా, కాస్త వెనకనుంచా, లేక పై అంతస్తు నుంచా? ఆ అరక్షణంలో మీ చెవికి ఎంత అందిందన్న దాని మీదే రౌండ్ ఎవరిదో తేలిపోతుంది.

ఇలాంటి రౌండ్లు నాలుగైదు పోయాక మంచి హెడ్‌ఫోన్స్ కొందామని ఎవరికైనా అనిపిస్తుంది. తీరా వెతకడం మొదలుపెడితే రెండు దారులు కనిపిస్తాయి. శ్రద్ధగా సంగీతం వినేవాళ్ళ కోసం తయారైన వైరు హెడ్‌ఫోన్స్ ఒకటి, మైకు, బ్యాటరీ, డాంగిల్ (కంప్యూటర్‌కో కన్సోల్‌కో తగిలించే చిన్న రిసీవర్) అన్నీ కలిపి గేమర్ల కోసమే తయారుచేసిన వైర్‌లెస్ హెడ్‌సెట్ రెండోది. ఒకరు 'వైరుకి సాటి లేదు' అంటారు. ఇంకొకరు 'ఈ రోజుల్లో వైరేంటి' అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, అందుకే వినేవాడికి తల తిరుగుతుంది.

రెండు రకాలూ కొన్నేళ్ళపాటు వాడాక నాకు అర్థమైంది ఏంటంటే, 'వైరా, వైర్‌లెస్సా' అన్నది ఒక ప్రశ్న కాదు. శబ్దం ఎంత బాగుంటుంది, ఎంత ఆలస్యంగా వస్తుంది, అవతలివాళ్ళకు మన గొంతు ఎలా వినిపిస్తుంది, తల మీద ఎంతసేపు పెట్టుకోగలం, ఎన్నాళ్ళు మన్నుతుంది అన్న ఐదారు ప్రశ్నలు అందులో చిక్కుపడి ఉన్నాయి. వాటిని విడదీస్తే వైరు సంగతి ఆఖర్న తేల్చుకోవాల్సిన విషయంగా మిగులుతుంది. మొదట చూడాల్సింది మీరు ఆడే గది.

చెవి దిక్కుని ఎలా పట్టుకుంటుంది

ఎడమవైపు చప్పుడైతే అది ముందు ఎడమ చెవికి చేరుతుంది, తర్వాత తల చుట్టూ తిరిగి కుడి చెవికి వెళుతుంది. సరిగ్గా పక్కనుంచి వచ్చే శబ్దానికి కూడా ఆ తేడా మహా అయితే 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లు. మెదడు అంత చిన్న తేడానీ పట్టేస్తుంది. దానికి తోడు తల అడ్డుపడడం వల్ల దూరపు చెవికి శబ్దం, ముఖ్యంగా అందులోని సన్నటి (హై పిచ్) భాగం, కాస్త తగ్గి వినిపిస్తుంది. కుడి ఎడమలు తేలేది ఈ రెండింటి వల్లే.

ముందూ వెనకల దగ్గర చిక్కు వస్తుంది. సరిగ్గా ఎదురుగా వచ్చే శబ్దానికీ, సరిగ్గా వెనకనుంచి వచ్చే శబ్దానికీ రెండు చెవుల మధ్య తేడా ఏమీ ఉండదు. పైనా కిందా విషయంలోనూ అంతే. అక్కడ పనికొచ్చేది చెవి డొప్ప. దాని మడతల మీద పడి వచ్చే శబ్దం ఒక్కో దిక్కు నుంచి ఒక్కోలా మారుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ మార్పులు మెదడుకు అలవాటు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ఈ ఏర్పాటు చెడిపోతుంది, ఎందుకంటే శబ్దం దిక్కుల నుంచి రావడం మానేసి చెవి పక్కనే ఉన్న డ్రైవర్ (కప్పులోని చిన్న స్పీకర్) నుంచి నేరుగా వచ్చేస్తుంది. కాబట్టి తల, చెవి డొప్ప కలిసి చేసే మార్పులను ఆటే లెక్కగట్టి శబ్దంలో ముందే కలిపి పంపాలి. దీన్నే హెచ్ఆర్‌టీఎఫ్ అంటారు. కౌంటర్-స్ట్రైక్ 2, వాలొరెంట్ లాంటి ఆటల్లో ఇది లోపలే ఉంది. ప్లేస్టేషన్ 5లో టెంపెస్ట్ పేరుతో కన్సోలే ఆ పని చేస్తుంది, ఏ హెడ్‌ఫోన్స్ తగిలించినా పనిచేస్తుంది. ఓవర్‌వాచ్ 2016లో వచ్చినప్పుడే హెడ్‌ఫోన్స్ కోసం డాల్బీ అట్మాస్ ఆప్షన్ ఇచ్చింది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. చాలామంది హెడ్‌సెట్ డబ్బా మీద '7.1 సరౌండ్' అన్న మాట చూసి కొంటారు. ఆ హెడ్‌సెట్లలో దాదాపు అన్నింట్లోనూ చెవికి ఒక్క డ్రైవరే ఉంటుంది. సరౌండ్ అనేది సాఫ్ట్‌వేర్ చేసే లెక్క. ఆటలో ఒకసారి ఆ లెక్క జరిగాక, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ దాని మీద మళ్ళీ ఇంకో లెక్క వేస్తే శబ్దం బావిలోంచి వచ్చినట్టు అయిపోతుంది, దిక్కులు కలగాపులగం అవుతాయి. ఆటలో 'హెడ్‌ఫోన్స్' అన్న సెట్టింగ్ పెట్టి, మిగతా సరౌండ్ ఆప్షన్లన్నీ ఆపేయండి. ఆటలో అసలు ఆ సౌకర్యమే లేకపోతే అప్పుడు విండోస్ సోనిక్ లాంటిది ఏదైనా ఒక్కటి వాడి చూడొచ్చు. ఏదైనా ఒక్కటే, రెండు కాదు. అందరి చెవులూ ఒకేలా ఉండవు గనక స్నేహితుడికి అద్భుతంగా కుదిరిన సెట్టింగ్ మీకు కుదరకపోవడంలో వింతేమీ లేదు. ఇంకో చిన్న సంగతి: శబ్దం ముందునుంచా వెనకనుంచా అన్న అనుమానం వస్తే మౌస్‌ని కొద్దిగా పక్కకు తిప్పండి. నిజజీవితంలో మనం తల తిప్పి తేల్చుకున్నట్టే, చప్పుడు ఏ చెవి వైపు జరిగిందో చూస్తే తెలిసిపోతుంది.

మరి హెడ్‌ఫోన్స్ పని ఏంటి? ఆట పంపినదాన్ని చెడగొట్టకుండా చెవికి అందించడం. కుడి ఎడమ డ్రైవర్లు ఒకదానికొకటి బాగా సరిపోలాలి. బేస్ మిగతావాటిని మింగెయ్యకూడదు. గట్టిగా మోగే బేస్ తనకన్నా సన్నటి శబ్దాలను కప్పేస్తుంది, సన్నటి శబ్దాలు బేస్‌ని అంతగా కప్పలేవు. మన చెవి స్వభావమే అంత. బాంబు పేలుడు ఒళ్ళు జలదరించేలా ఉండాలని బేస్ బాగా పెంచిన హెడ్‌సెట్‌లో ఆ పేలుడు వెనకే వచ్చే అడుగుల చప్పుడు, తుపాకీ రీలోడ్ చేస్తున్న టిక్కు మునిగిపోతాయి. కథ కోసం, లోకం కోసం ఒంటరిగా ఆడే ఆటల్లో ఆ బేస్ బాగుంటుంది, కాదనను. పోటీ పడి ఆడేటప్పుడు మాత్రం అడ్డం వస్తుంది.

తెరిచిన కప్పు, మూసిన కప్పు

వైరు హెడ్‌ఫోన్స్‌కి సంగీతప్రియుల్లో అంత పేరు రావడంలో వైరు పాత్ర నిజానికి తక్కువ. అసలు కారణం కప్పు వెనక భాగం. డ్రైవర్ ముందుకే కాదు, వెనక్కీ శబ్దాన్ని నెడుతుంది. కప్పు మూసి ఉంటే ఆ శబ్దం లోపలే కొట్టుకుని తిరిగి చెవికి వస్తుంది. వెనక జాలీలా తెరిచి ఉంటే బయటికి వెళ్ళిపోతుంది. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో ఈ ఓపెన్ బ్యాక్ పద్ధతి జనంలోకి వచ్చింది. 1997లో అదే సంస్థ తెచ్చిన హెచ్‌డీ 600 ఇప్పటికీ తయారవుతోంది, ఇప్పటికీ జనం కొంటున్నారు. బేయర్‌డైనమిక్ డీటీ 990, ఏకేజీ కే702, ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 కూడా ఇదే కోవలోవి.

మొదటిసారి ఓపెన్ బ్యాక్ పెట్టుకుని నాకు అలవాటైన షూటర్ గేమ్ తెరిచినప్పుడు, బయట నిజంగానే వాన పడుతోందనుకుని హెడ్‌ఫోన్స్ తీసి చూశాను. వాన ఆటలోదే. మూసిన కప్పుల్లో ఆ వాన తల లోపల ఎక్కడో సొరసొరమంటూ ఉండేది. ఇందులో గోడల అవతల, పైకప్పు మీద పడుతున్నట్టుంది. అడుగుల చప్పుడు కూడా అంతే, తలలోంచి బయటికి వచ్చి గదిలో ఒక చోట నిలబడింది. ఈ విశాలత్వాన్నే సౌండ్‌స్టేజ్ అంటారు. అయితే సౌండ్‌స్టేజ్ పెద్దగా ఉండడం ఒకటి, ఏ చప్పుడు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగడం ఇంకొకటి. రెండోదాన్ని ఇమేజింగ్ అంటారు. పోటీలో పనికొచ్చేది ఇమేజింగే. హెచ్‌డీ 600 సౌండ్‌స్టేజ్ చిన్నదని చాలామంది అంటారు, కానీ ఇమేజింగ్ విషయంలో దాన్ని మెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు గది సంగతి. ఓపెన్ బ్యాక్‌లో శబ్దం బయటికి పోతుంది, బయటి శబ్దం లోపలికి వస్తుంది. పక్క మంచం మీద ఎవరైనా పడుకుని ఉంటే మీ ఆట మొత్తం వాళ్ళకు వినిపిస్తుంది. ఫ్యాను హోరు, ఏసీ చప్పుడు, వీధిలో హారన్లు, పక్క గదిలో టీవీ మీకు వినిపిస్తాయి. అప్పుడు మీరేం చేస్తారు? వాల్యూమ్ పెంచుతారు. చెవులకు అసలు ప్రమాదం అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90 డెసిబెల్స్‌కి వెళితే ఆ నలభై గంటలు కాస్తా నాలుగు గంటలైపోతాయి. రోజూ రెండు మూడు గంటలు ఆడేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. గది గోలగా ఉంటే ఎంత పేరున్న ఓపెన్ బ్యాక్ అయినా మీకు సరైనది కాదు, మూసిన కప్పులే తీసుకోండి. ఈ ఒక్క నిర్ణయం వైరు నిర్ణయం కన్నా పెద్దది.

వైర్‌లెస్ హెడ్‌సెట్లలో దాదాపు అన్నీ మూసిన కప్పులవే. 'వైర్‌లెస్ శబ్దం బాగోదు' అని జనం అనేదాంట్లో సగం ఈ కప్పుల తేడాయే. మిగతా సగం డబ్బు ఎటు పోతుందన్నది. వైరు హెడ్‌ఫోన్స్‌కి పెట్టిన డబ్బంతా డ్రైవర్లకీ, కుషన్లకీ, ఫ్రేముకీ పోతుంది. అదే ధర హెడ్‌సెట్‌లో రేడియో, బ్యాటరీ, చిప్పులు, మైకు, సాఫ్ట్‌వేర్, లైట్లు అన్నీ పంచుకోవాలి. ధర తగ్గేకొద్దీ ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ధర పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆడెజ్ మ్యాక్స్‌వెల్‌లో 90 మిల్లీమీటర్ల ప్లేనార్ (చదునైన పల్చటి పొరతో పనిచేసే) డ్రైవర్లు ఉంటాయి. సంగీతప్రియుల హెడ్‌ఫోన్స్ చేసే సంస్థ చేసిన వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ అది. అలాంటివి వచ్చాక 'వైరు లేకపోతే నాణ్యత లేదు' అన్న మాట చెల్లదు.

ఆలస్యం: భయపడాల్సింది డాంగిల్‌కి కాదు

వైర్‌లెస్ అంటే చాలామందికి ముందు వచ్చే టెన్షన్ ఆలస్యం గురించే. ఇక్కడ రెండు వేరువేరు వస్తువులను ఒకే పేరుతో పిలుస్తున్నాం. హెడ్‌సెట్‌తో పాటు వచ్చే చిన్న యూఎస్‌బీ డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్‌లో తన సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ లోనే ఉంటుంది, కానీ దాని పద్ధతి వేరు.

డాంగిల్ వల్ల కలిసే ఆలస్యం సాధారణంగా 15 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఉంటుంది. గాల్లో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. 20 మిల్లీసెకన్లంటే మీ నుంచి ఏడు మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్‌ని వినడంతో సమానం. సెకనుకు 60 ఫ్రేములు ఆడే స్క్రీన్ మీద ఒక్క ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు. వైరు ఈ విషయంలో మెరుగే, అందులో సందేహం లేదు. కానీ ఆ తేడా వల్లే రౌండ్ పోయిందని నేను ఎప్పుడూ అనుకోలేదు. తాళం తప్పకుండా మీటలు నొక్కాల్సిన సంగీతపు ఆటల్లో మాత్రం ఆ కాస్త ఆలస్యమూ చేతికి తెలుస్తుంది. అక్కడ వైరే మేలు.

మామూలు బ్లూటూత్ దగ్గరికొస్తే 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం సర్వసాధారణం. మీట నొక్కితే స్క్రీన్ మీద మంట ముందు కనిపిస్తుంది, 'ఢాం' తర్వాత వినిపిస్తుంది. సినిమాకి ఫోను, కంప్యూటరు బొమ్మని ఆపి సరిచేయగలవు. ఆటలో బొమ్మని ఆపడం కుదరదు. 'ఆప్ట్‌ఎక్స్ లో-లేటెన్సీ' లాంటి కోడెక్‌లు (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతులు) దీన్ని 40 మిల్లీసెకన్ల దగ్గరికి తెచ్చాయి గానీ, అవి పంపే పరికరంలోనూ, వినే పరికరంలోనూ ఉండాలి.

బ్లూటూత్‌లో దీనికన్నా చిరాకైన సంగతి ఇంకొకటుంది. సంగీతానికి ఒక దారి, ఫోన్ మాటలకు ఒక దారి అని దానికి వేరువేరు ప్రొఫైల్స్ ఉంటాయి. మైకు ఆన్ చేయగానే మాటల దారిలోకి మారిపోతుంది. అప్పుడు శబ్దం మోనో అవుతుంది, నాణ్యత 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కి పడిపోతుంది. వినేవాడికి ఎలా ఉంటుందంటే, ఆట బ్రహ్మాండంగా వినిపిస్తుంటుంది, స్నేహితుడి వాయిస్ ఛానెల్‌లో చేరిన మరుక్షణం మొత్తం శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోన్లోంచి వస్తున్నట్టు అయిపోతుంది. కుడీ ఎడమా ఉండవు, దిక్కులు ఉండవు. హెడ్‌సెట్ పాడైందనుకుని తిరిగి పంపేసినవాళ్ళున్నారు. అది చెడిపోలేదు, బ్లూటూత్ పాత పద్ధతే అంత. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ బాధను తీర్చగలదు. స్టీరియో, మంచి మైకు రెండూ ఒకేసారి నడుస్తాయి, ఆలస్యమూ తగ్గుతుంది. రెండు వైపులా ఆ సదుపాయం ఉంటేనే.

కన్సోళ్ళ సంగతి విడిగా చెప్పాలి. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ రెండూ బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌ని నేరుగా ఒప్పుకోవు. నింటెండో స్విచ్‌కి 2021 సెప్టెంబర్ అప్‌డేట్‌తో బ్లూటూత్ ఆడియో వచ్చింది, బ్లూటూత్ మైకు మాత్రం పనిచేయదు. కన్సోల్‌కి కొనేటప్పుడు డబ్బా మీద మీ కన్సోల్ పేరు ఉందో లేదో చూడడం తప్పనిసరి, ముఖ్యంగా ఎక్స్‌బాక్స్‌కి, దాని వైర్‌లెస్ పద్ధతే వేరు. ఇంకో విషయం చాలామంది గమనించరు. వైరు హెడ్‌ఫోన్స్‌ని కంట్రోలర్ జాక్‌కి తగిలిస్తాం కదా, ఆ కంట్రోలర్ కన్సోల్‌తో మాట్లాడేది గాల్లోనే. అక్కడ మీ వైరు హెడ్‌ఫోన్స్ కూడా సగం దారి వైర్‌లెస్సే.

డాంగిల్ తడబడి శబ్దం తెగుతూ ఉంటే హెడ్‌సెట్‌ని తిట్టే ముందు డాంగిల్ ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులూ కేబుళ్ళూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. క్యాబినెట్ వెనక, హార్డ్‌డిస్క్ కేబుల్ పక్కన దూరిన డాంగిల్‌కి ఊపిరాడదు. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని బల్ల మీదికి, హెడ్‌సెట్‌కి ఎదురుగా తెస్తే చాలాసార్లు ఆ బాధ అక్కడితో పోతుంది.

మైకు, ఆంప్, ఇతర తిప్పలు

సంగీతం కోసం చేసిన హెడ్‌ఫోన్స్‌కి మైకు ఉండదు. ఇది పెద్ద లోటు అనిపిస్తుంది గానీ, బల్ల మీద పెట్టుకునే యూఎస్‌బీ మైకు ఒకటి విడిగా కొంటే అవతలివాళ్ళకు మీ గొంతు చాలా వైర్‌లెస్ హెడ్‌సెట్ల కన్నా బాగా వినిపిస్తుంది. వైర్‌లెస్ హెడ్‌సెట్లలో మైకు గొంతు ముక్కు మూసుకుని మాట్లాడినట్టు ఉండడానికి కారణం మైకు చెడ్డదై కాదు. ఆట శబ్దాన్ని తేవడానికి డాంగిల్ ఎక్కువ దారి వాడుకుంటుంది, మీ గొంతుని పంపడానికి ఇరుకు దారి మిగులుతుంది. గొంతుని గట్టిగా కుదించి పంపాలి. ఈ మధ్య వచ్చిన ఖరీదైనవాటిలో ఇది బాగుపడింది.

యూఎస్‌బీ మైకుకి ఉన్న చిక్కు కీబోర్డు. మెకానికల్ కీబోర్డు టకటకలు అందరికీ వినిపిస్తాయి. అందుకే నోటికి దగ్గరగా ఉండే బూమ్ మైకు చాలామందికి నయం. ఏ హెడ్‌ఫోన్స్‌కైనా అయస్కాంతంతో అతుక్కునే మాడ్‌మైక్ లాంటివి, కేబుల్ విడదీయగలిగే కొన్ని మోడళ్ళకు కేబుల్ స్థానంలో పెట్టుకునే బూమ్‌ప్రో లాంటివి దొరుకుతాయి. మధ్యేమార్గంగా సెన్‌హైజర్ పీసీ38ఎక్స్ ఉంది. ఓపెన్ బ్యాక్, బూమ్ మైకు, వైరు మూడూ ఒకదాంట్లోనే. గది నిశ్శబ్దంగా ఉండి, ఒక్కటే వస్తువు కావాలనుకునేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఇలాంటిదే.

ఇక ఆంప్, అంటే హెడ్‌ఫోన్స్‌కి బలం అందించే యాంప్లిఫయర్ గురించి. ఇంపీడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్స్ పెట్టే అడ్డు, ఓమ్స్‌లో కొలుస్తారు) ఎక్కువుంటే విడిగా ఆంప్ కావాల్సిందే అని జనం భయపెడతారు. లెక్క చూద్దాం. హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ 300 ఓమ్స్, ఒక వోల్టు ఇస్తే 97 డెసిబెల్స్ మోగుతుంది. వైరు హెడ్‌ఫోన్స్‌ని ఫోన్‌కి తగిలించే చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్లలో చాలావరకు దాదాపు ఒక వోల్టు ఇస్తాయి. రోజంతా వినాల్సిన స్థాయి 80 డెసిబెల్స్ లోపు అనుకుంటే ఇది చాలినంత. హఠాత్తుగా వచ్చే పేలుళ్ళ శిఖరాలు 110 దాకా పోవాలంటే నాలుగున్నర వోల్టులు కావాలి, అప్పుడు ఆంప్ అక్కరకొస్తుంది. మామూలు స్థాయిలో మోగించడం కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో చాలా వాటికి చేతనవుతుంది, కంట్రోలర్ జాక్‌కి మాత్రం 250, 300 ఓమ్స్ అంటే బరువే. కన్సోల్ మీద ఆడేవాళ్ళు 32 నుంచి 50 ఓమ్స్ మధ్యవి చూసుకోవడం మంచిది. ఓమ్స్ ఒక్కటే చూసినా పొరపాటే. హైఫైమ్యాన్ హెచ్ఈ-6 ఇంపీడెన్స్ 50 ఓమ్సే, కానీ సున్నితత్వం (ఇచ్చిన విద్యుత్తుకి ఎంత గట్టిగా మోగుతుందన్నది) చాలా తక్కువ, దాన్ని మోగించడానికి బలమైన ఆంప్ ఉండాల్సిందే. ఓమ్స్ పక్కనే రాసి ఉండే డెసిబెల్స్ అంకె కూడా చదవాలి.

మదర్‌బోర్డు జాక్‌లో గ్రాఫిక్స్ కార్డు కష్టపడినప్పుడల్లా సన్నటి గుయ్యిమనే మోత వినిపిస్తోందా? అప్పుడు మాత్రం విడిగా ఒక యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ సంకేతాన్ని హెడ్‌ఫోన్స్‌కి తగ్గట్టు మార్చే చిన్న పరికరం) తప్పకుండా కొనండి. అది బయట ఉంటుంది గనక లోపలి గోల అంటదు. చిన్నదైనా చాలు. దాని మీద హెడ్‌ఫోన్స్ కన్నా ఎక్కువ డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా.

కంప్యూటర్ మీద ఆడేవాళ్ళకు ఇంకో మంచి దారి ఈక్వలైజర్, అంటే బేస్‌నీ సన్నటి శబ్దాలనీ విడివిడిగా పెంచి తగ్గించే సాధనం. ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వైరుకీ, వైర్‌లెస్‌కీ రెండింటికీ పనిచేస్తుంది. బేస్ మరీ ఎక్కువైన హెడ్‌సెట్‌లో 200 హెర్ట్జ్ కింద మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించి చూడండి. కొత్తది కొనాలన్న కోరిక కొన్నాళ్ళు వాయిదా పడొచ్చు.

తల మీద బరువు, లోపల బ్యాటరీ

ఒక గంటలో తెలియనివి నాలుగో గంటలో తెలుస్తాయి. హెచ్‌డీ 600 కేబుల్ లేకుండా దాదాపు 260 గ్రాములు. ఆడెజ్ మ్యాక్స్‌వెల్ 490. శబ్దం ఎంత బాగున్నా అరకిలో బరువు నడినెత్తి మీద ఆనితే మెడకు తెలుస్తుంది. కళ్ళజోడు వాడేవాళ్ళకు కుషన్ ఒత్తిడి ఇంకో బాధ. వెల్వెట్ కుషన్లలో చెమట తక్కువ పడుతుంది, కానీ బయటి శబ్దం ఎక్కువ వస్తుంది. లెదర్ లాంటి కుషన్లు బయటి శబ్దాన్ని ఆపుతాయి, చెవులు వేడెక్కుతాయి, రెండు మూడేళ్ళకు పొట్టు రాలుతుంది. వీలైతే పెట్టుకుని చూసి కొనడం, కుదరకపోతే తిరిగి పంపే గడువు ఉన్నచోట కొనడం అన్నిటికన్నా ముఖ్యం.

వైర్‌లెస్ ఇచ్చే స్వేచ్ఛను తక్కువ చేయలేను. మ్యాచ్ మొదలవడానికి నిమిషం ఉంది, హెడ్‌సెట్ తీయకుండానే లేచి మంచినీళ్ళు తెచ్చుకోవచ్చు, టీమ్ మాటలు వినిపిస్తూనే ఉంటాయి. సోఫాలో కూర్చుని టీవీ మీద ఆడేవాళ్ళకు గది మధ్యలో వైరు లాగే పనుండదు. నా వైరు హెడ్‌ఫోన్స్ కేబుల్ మీదికి రెండుసార్లు కుర్చీ చక్రం ఎక్కింది. ఒకసారి లేవబోతే చక్రం కింద ఇరుక్కున్న కేబుల్ తల వెనక్కి లాగింది. ఎడమ చెవిలో శబ్దం పోయింది. కేబుల్ మార్చుకునే మోడల్ కాబట్టి కొత్త కేబుల్‌తో సరిపోయింది, లేకపోతే టంకం పెట్టించుకోవాల్సి వచ్చేది. కొనేటప్పుడు కేబుల్ విడదీసి మార్చుకోవచ్చా అని చూడడం అప్పటి నుంచి అలవాటైంది.

నా వైర్‌లెస్ హెడ్‌సెట్ వేరే రకంగా పోయింది. మొదట్లో మూడు రోజులు వచ్చిన ఛార్జింగ్ మూడో ఏటికి ఒక సాయంత్రం కూడా రాలేదు. ఓడితే ఇంటికే అన్న మ్యాచ్ మధ్యలో 'బ్యాటరీ తక్కువ' అన్న మాట చెవిలో వినిపించి, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. విప్పి చూద్దామంటే కప్పు మొత్తం జిగురుతో అతికించి ఉంది. డ్రైవర్లు బాగున్నాయి, మైకు బాగుంది, కుషన్లు బాగున్నాయి. ఒక్క బ్యాటరీ వల్ల మొత్తం అటక మీదికి చేరింది.

ఇలాంటి లిథియం-అయాన్ బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యేసరికి మొదటి సత్తువలో ఐదో వంతు దాకా కోల్పోతుంది. ఒక్కో ఛార్జింగ్ ఎక్కువ గంటలు వస్తే ఆ లెక్క ఎక్కువ ఏళ్ళు సాగుతుంది. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్‌కి 300 గంటల దాకా వస్తుందని తయారీదారు చెబుతాడు. అందులో సగం వచ్చినా ఆ బ్యాటరీ చాలా ఏళ్ళు లాగుతుంది. స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రో వైర్‌లెస్ ఇంకో దారి పట్టింది. రెండు బ్యాటరీలు ఇస్తుంది, ఒకటి హెడ్‌సెట్‌లో ఉంటే రెండోది బేస్ స్టేషన్‌లో ఛార్జ్ అవుతుంటుంది, క్షణంలో మార్చేసుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలి. దానివల్ల మిగతా చోట్ల అమ్మే మోడళ్ళూ మారతాయని ఆశపడుతున్నాను. వైర్‌లెస్ మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు శబ్దం కాదు, ఆలస్యమూ కాదు, ఈ జిగురే.

అన్నీ కలిపి చూస్తే

నిశ్శబ్దమైన గదిలో, బల్ల ముందు, కంప్యూటర్ మీద ఆడేవాళ్ళకు వైరు ఓపెన్ బ్యాక్, విడిగా మైకు అన్న జోడీకి మించింది లేదని నా నమ్మకం. అదే డబ్బుకి శబ్దం బాగుంటుంది, తేలిగ్గా ఉంటుంది, కుషన్లూ కేబులూ మార్చుకుంటూ పదిహేనేళ్ళు వాడొచ్చు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకైతే ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. చౌక వైర్‌లెస్ హెడ్‌సెట్‌లో ఏదో ఒకటి తప్పకుండా బలవుతుంది.

సోఫాలో ఆడేవాళ్ళు, ఒకే హెడ్‌సెట్‌ని కన్సోల్‌కీ కంప్యూటర్‌కీ వాడేవాళ్ళు, ఇంట్లో పిలిస్తే లేచి పరిగెత్తాల్సినవాళ్ళు డాంగిల్ ఉన్న వైర్‌లెస్ తీసుకోండి. అపరాధభావం అక్కర్లేదు. బ్యాటరీ గంటలు ఎక్కువున్నది, వీలైతే బ్యాటరీ మార్చుకోగలిగేది, ఛార్జింగ్ పెట్టుకుంటూ కూడా వాడగలిగేది చూసుకోండి. గోలగా ఉండే గదిలో ఆడుతూ వైరుకి అభ్యంతరం లేనివాళ్ళకు బేయర్‌డైనమిక్ డీటీ 770 లాంటి మూసిన కప్పుల వైరు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఇది చాలామంది మర్చిపోయే మూడో దారి. బ్లూటూత్ మాత్రమే ఉన్న హెడ్‌ఫోన్స్‌ని పోటీ ఆటల కోసం ఎవరికీ చెప్పను.

కొనే ముందు ఈ రాత్రికి ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న ఏదో ఒక వైరు ఇయర్‌ఫోన్స్ తీసుకోండి, ఫోన్‌తో పాటు వచ్చినవైనా సరే. సరౌండ్ ఆప్షన్లన్నీ ఆపి, ఆటలో 'హెడ్‌ఫోన్స్' సెట్టింగ్ పెట్టి, స్నేహితుణ్ణి ఒక కస్టమ్ గేమ్‌లోకి పిలవండి. మీరు కళ్ళు మూసుకోండి, అతను మీ చుట్టూ నడుస్తాడు, మెట్లెక్కుతాడు, దిగుతాడు. ఎక్కడున్నాడో మీరు చెప్పాలి. తర్వాత మీ ప్రస్తుత హెడ్‌సెట్‌తో అదే మళ్ళీ. పది నిమిషాల పని. కుడి ఎడమలు సరిగ్గా చెప్పి ముందు వెనకల దగ్గరే తప్పుతున్నారంటే చిక్కు సెట్టింగ్‌లోనో, అలవాటులోనో ఉంది. అడుగులే వినపడక తప్పుతున్నారంటే కారణం గది గోల, లేదా బేస్. ఇయర్‌ఫోన్స్‌తోనూ, హెడ్‌సెట్‌తోనూ సరిగ్గానే చెబుతున్నారంటే మీకు కొత్త హెడ్‌ఫోన్స్ కావాల్సింది సౌకర్యం కోసమే, అప్పుడు తల మీద తేలిగ్గా కూర్చునేదాన్ని ఎంచుకోండి.